ఫోర్డ్ మోడల్ ఏ ఇంజన్‌లో బిగ్ ఎండ్ బేరింగుల మార్పు: పోత బాబిట్ నుంచి షెల్ బేరింగులకు

1928 నుంచి 1931 వరకు వెలువడిన ఫోర్డ్ మోడల్ ఏ కార్లలో, పిస్టన్లను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లకు ఇప్పటి ఇంజన్లలో లాగా విడిగా తీసి వేసుకునే బేరింగ్ షెల్స్ (సగం గొట్టం ఆకారపు పలచని పెంకులు) ఉండవు. రాడ్ బిగ్ ఎండ్‌లోనే, అంటే క్రాంక్‌ను పట్టుకునే పెద్ద కొనలోనే, కరిగించిన బాబిట్ లోహాన్ని పోసి, చల్లారిన తర్వాత క్రాంక్ పిన్ (క్రాంక్ మీద రాడ్ తిరిగే భాగం) సైజుకు తొలిచి, దానినే బేరింగ్‌గా వాడేవారు. 1839లో అమెరికాలో ఐజక్ బాబిట్ కనిపెట్టిన ఈ మిశ్రమంలో తగరం పాలు ఎక్కువ, యాంటిమొనీ, రాగి కొద్దికొద్దిగా ఉంటాయి. ఈ పోత బేరింగుల స్థానంలో షెల్ బేరింగులు అమర్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. షెల్స్ కొని బిగించడం ఈ పనిలో చిన్న భాగం మాత్రమే. షెల్ నిలబడడానికి కావలసిన గుండ్రటి క్రాంక్ పిన్ను, కచ్చితమైన రాడ్ కన్నం, నూనె చేరే దారి, శుభ్రమైన నూనె అనే నాలుగింటినీ ముందుగా సిద్ధం చేయడంలోనే అసలు శ్రమ ఉంది.

మోడల్ ఏ ఇంజన్ నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వ్ ఇంజన్. బోరు 3.875 అంగుళాలు, స్ట్రోకు 4.25 అంగుళాలు, సామర్థ్యం సుమారు 3.3 లీటర్లు, కంప్రెషన్ 4.22:1, శక్తి 2200 ఆర్‌పీఎం వద్ద 40 హార్స్ పవర్. క్రాంక్‌ను ఇంజన్ బ్లాకులో మోసే మెయిన్ బేరింగులు మూడు, క్రాంక్ పిన్ వ్యాసం కొత్తప్పుడు ఒకటిన్నర అంగుళానికి ఒకటి రెండు థౌ తక్కువగా ఉంటుంది. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.0254 మిల్లీమీటరు. మన దేశానికి ఈ కార్లు ఫోర్డ్ కెనడా ద్వారా కుడి వైపు స్టీరింగుతో వచ్చాయి. 1926లో ఏర్పడిన ఫోర్డ్ మోటార్ కంపెనీ ఆఫ్ ఇండియా కూడా ఆ కెనడా సంస్థకు అనుబంధంగానే పనిచేసింది. 1932లో వచ్చిన మోడల్ బీ ఇంజన్ పైకి దీనిలాగే కనిపించినా దాని క్రాంక్ జర్నళ్ళు (బేరింగులలో తిరిగే భాగాలు) లావుగా ఉంటాయి కాబట్టి, వాహనం రిజిస్ట్రేషన్ పత్రంలోని సంవత్సరాన్ని నమ్ముకొని రాడ్లు తెప్పించకుండా, ముందుగా ఇంజన్ విప్పి పిన్‌ను కొలిచిన తర్వాతే ఆర్డరు పెట్టాలి.

ఈ ఇంజన్‌లో నూనె ఎలా ప్రయాణిస్తుందో అర్థం చేసుకోకుండా బిగ్ ఎండ్ జోలికి వెళ్ళకూడదు. నూనె పంపు, ఇంజన్ అడుగున ఉన్న నూనె తొట్టి అయిన చాంబర్‌లోని నూనెను పైన ఉన్న వాల్వ్ చాంబర్‌లోకి ఎత్తి పోస్తుంది. అక్కడి నుంచి అది తన బరువుతో తానే కిందికి దిగి మెయిన్ బేరింగులకు చేరుతుంది. మిగిలిన నూనె కిందికి వచ్చి, రాడ్ల కింద ఉన్న రేకు ట్రేలోని గుంటలను నింపుతుంది. ప్రతి రాడ్ క్యాప్ (బిగ్ ఎండ్‌లో విడిగా ఊడి వచ్చే కింది సగం) అడుగున ఉన్న చెంచా లాంటి డిప్పర్, పిన్ను కిందికి వచ్చిన ప్రతిసారీ ఆ గుంటలో మునిగి నూనెను అందుకొని, క్యాప్‌లోని రంధ్రం గుండా బేరింగులోకి తోస్తుంది. క్రాంక్ లోపల నూనె దారులు లేవు, బిగ్ ఎండ్‌కు పంపు ఒత్తిడి అందదు. కొత్త షెల్స్ వేసినా ఈ ఏర్పాటు మారదు కాబట్టి, షెల్‌కు కూడా నూనె ఆ డిప్పర్ రంధ్రం నుంచే రావాలి.

ఇంత సాదాసీదా ఏర్పాటులో బాబిట్ దశాబ్దాల పాటు నిలబడడానికి కారణం దాని మెత్తదనం. నూనెతో వచ్చిన ఇసుక రేణువును తనలో ఇముడ్చుకొని క్రాంక్ పిన్‌ను కాపాడుతుంది, పిన్ను కొద్దిగా గుండ్రం తప్పినా దానికి అనుగుణంగా సర్దుకుంటుంది. దాని బలహీనత కూడా ఆ మెత్తదనంలోనే ఉంది. మందంగా పోసిన బాబిట్ పొర మీద దెబ్బలు పడేకొద్దీ అందులో బీటలు పుట్టి, చివరకు పెచ్చులుగా ఊడి వస్తుంది. బేరింగ్ లోహం పొర ఎంత పలచగా ఉంటే అలసటకు అంత బాగా తట్టుకుంటుంది. ఉక్కు వీపు మీద పలచని పొరలుగా బేరింగ్ లోహాన్ని అంటించిన షెల్ ఎక్కువ వేగాన్ని, ఎక్కువ భారాన్ని భరించడానికి కారణం ఇదే. అయితే ఆ పలచని పొర ధూళిని ఇముడ్చుకోవడంలో, వంకరను క్షమించడంలో పోత బాబిట్‌కు సాటి రాదు. అరిగిన క్రాంక్ మీద కొత్త షెల్ వేయడం కన్నా, అరిగిన క్రాంక్ మీద పాత బాబిట్‌ను అలాగే ఉంచడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

మార్పు అవసరమో కాదో తేల్చుకోవడం

ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాత, సమతలమైన రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా వదిలినప్పుడు లోపలి నుంచి గట్టి టకటక శబ్దం వస్తే అది బిగ్ ఎండ్ నుంచి వచ్చే అవకాశం ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక తగ్గేది సాధారణంగా పిస్టన్ శబ్దం. ఏ రాడ్డో తెలుసుకోవడానికి ఇంజన్ తిరుగుతుండగా, చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గును హెడ్‌కు తాకించి ఆ సిలిండరును ఆపి చూడాలి. ఏ ప్లగ్గును ఆపినప్పుడు శబ్దం తగ్గిందో ఆ రాడ్డు వదులైందని అర్థం. ఇదే సమయంలో మెయిన్ బేరింగుల స్థితి కూడా చూడాలి. అవి కూడా పోత బాబిట్‌వే. అవి వదులై క్రాంక్ కొట్టుకుంటుంటే రాడ్లకు మాత్రమే ఖరీదైన షెల్స్ వేయడం వృథా, ఎందుకంటే ఊగే క్రాంక్ కొత్త షెల్స్‌ను కూడా కొద్దికాలంలోనే పాడుచేస్తుంది.

బాబిట్ ఇంకా మంచి స్థితిలో ఉండి, బీటలు లేకుండా, కేవలం కొద్దిగా వదులైతే క్యాప్ కింద ఉన్న పలచని షిమ్‌లలో (రేకు పొరలలో) నుంచి రెండు వైపులా సమానంగా ఒకటో రెండో పొరలు తీసి బిగించుకుంటే సరిపోతుంది. ఊరేగింపులకు, అప్పుడప్పుడు చిన్న ప్రయాణాలకు మాత్రమే తీసే కారుకు అంతకు మించి అవసరం లేదు. దూర ప్రయాణాలు చేసేవారికి, కంప్రెషన్ ఎక్కువ ఉన్న హెడ్ బిగించినవారికి, బాబిట్‌ను సరిగా పోసి తొలిచే పనివాళ్ళు దగ్గరలో దొరకనివారికి షెల్స్ నిజంగా ఉపయోగపడతాయి.

పాత రాడ్లా, కొత్త రాడ్లా

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, అసలు ఫోర్డ్ రాడ్లలోని బాబిట్‌ను కరిగించి తీసివేసి, బిగ్ ఎండ్‌ను షెల్ సైజుకు తొలిచి, షెల్ అంచున పొడుచుకు వచ్చిన చెవి కూర్చునే గాడిని కోసి వాడుకోవడం. రెండవది, షెల్స్ కోసమే తయారు చేసిన కొత్త ఫోర్జింగ్ రాడ్లను తెప్పించుకోవడం. తొంభై ఏళ్ళ పైబడిన ఉక్కులో కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చు కాబట్టి, మొదటి మార్గం ఎంచుకునేవారు తొలిచే ఖర్చు పెట్టక ముందే నాలుగు రాడ్లకూ, క్యాప్‌లకూ అయస్కాంత పద్ధతిలో పగుళ్ళ పరీక్ష చేయించాలి, బోల్టులను తప్పనిసరిగా కొత్తవి వేయాలి. ఈ ఖర్చులన్నీ కలుపుకుంటే కొత్త రాడ్లే చాలా మందికి తేలికైన మార్గం. ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలని పట్టుదల ఉన్నవారికి, మంచి హోనింగ్ మెషీన్ ఉన్న వర్క్‌షాపు అందుబాటులో ఉంటే మొదటిది కూడా చక్కగా కుదురుతుంది.

విప్పడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. హెడ్ తీసి, నూనె వదిలి, చాంబర్ దింపాలి. చాంబర్ దింపేటప్పుడు ఒక చేయి కింద పెట్టుకోవాలి, ఎందుకంటే నూనె పంపును పైకి నిలబెట్టేది చాంబర్‌లోని స్ప్రింగే, అది తొలగగానే పంపు జారి కింద పడుతుంది. సిలిండర్ పైభాగంలో అరుగుదల వల్ల ఏర్పడిన గట్టును రీమర్‌తో తీసిన తర్వాతే పిస్టన్లను పైకి నెట్టాలి. ప్రతి రాడ్‌కూ దాని క్యాప్‌కూ రేడియేటరు వైపు నుంచి మొదలుపెట్టి ఒకటి నుంచి నాలుగు వరకు గుర్తులు పెట్టుకోవాలి. ఒక రాడ్ క్యాప్‌ను మరొక రాడ్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకూడదు.

క్రాంక్ కొలతలు

ఇక్కడ తొందర పనికిరాదు. ప్రతి క్రాంక్ పిన్‌ను మైక్రోమీటరుతో ముందు అంచు దగ్గర, వెనుక అంచు దగ్గర కొలవాలి. ఆ రెండు చోట్లా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కొలిచి కాగితం మీద రాసుకోవాలి. నిలువుకూ అడ్డానికీ తేడా ఉంటే పిన్ను గుండ్రం తప్పింది, ముందుకూ వెనక్కూ తేడా ఉంటే ఏటవాలుగా అరిగింది. బాబిట్‌తో ఒక థౌ దాకా తేడాను సహించేవారు. షెల్స్ వేసేటప్పుడు అర థౌ దాటితే క్రాంక్‌ను గ్రైండింగ్‌కు పంపాలి. షెల్స్ సాధారణంగా 10, 20, 30 థౌ అండర్‌సైజుల్లో (గ్రైండ్ చేసి అంత సన్నబడిన పిన్‌కు సరిపోయేలా) దొరుకుతాయి.

గ్రైండింగ్‌కు పంపే ముందు షెల్స్ చేతిలో ఉండాలి. షెల్స్‌ను రాడ్‌లో అమర్చి, క్యాప్‌ను తుది టార్క్‌తో బిగించి, బోర్ గేజ్‌తో లోపలి వ్యాసం కొలిచి, ఆ కొలతకు సరిపడేలా పిన్‌ను గ్రైండ్ చేయించాలి. వ్యాసాన్ని రాడ్ నిడివి దిశలోనే కొలవాలి. క్యాప్, రాడ్ కలిసే అతుకు దగ్గర షెల్స్‌ను కావాలనే కాస్త వెడల్పుగా చేస్తారు కాబట్టి అక్కడ కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. పిన్ను వ్యాసంలో ప్రతి అంగుళానికి ఒక థౌ సందు అనే పాత లెక్క ప్రకారం ఈ ఇంజన్‌కు 1.5 థౌ, అంటే 0.038 మిల్లీమీటరు సందు సరిపోతుంది. రెండు థౌ వరకు ఉన్నా ఇబ్బంది లేదు. ఉదాహరణకు 20 థౌ అండర్‌సైజు షెల్స్ బిగించాక లోపలి వ్యాసం 1.4805 అంగుళాలు వస్తే, పిన్‌ను 1.4790 అంగుళాలకు గ్రైండ్ చేయమని వర్క్‌షాపు వారికి రాసి ఇవ్వాలి. ఉత్తినే ఇరవై అండర్‌సైజు చేయమని నోటి మాటగా చెప్పి వదిలేస్తే చివరి అర థౌ ఎవరి చేతిలోనూ ఉండదు.

గ్రైండింగ్‌లో మరొక విషయాన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. పిన్ను పక్క గోడతో కలిసే మూలలో ఒక గుండ్రటి వంపు ఉంటుంది. క్రాంక్ విరగకుండా కాపాడేది ఆ వంపే కాబట్టి దానిని కోసి మూలను పదునుగా చేయకూడదు. పోత బాబిట్ అంచులను ఆ వంపుకు తగ్గట్టు చెక్కుకునే వీలుండేది. షెల్ అంచుకు మాత్రం ఆ వెసులుబాటు చాలా తక్కువ. వంపు మరీ పెద్దదైతే షెల్ అంచు దాని మీదికి ఎక్కి, మొదటి గంటలోనే వేడెక్కి నలిగిపోతుంది. దీనిని పరీక్షించడానికి మూలలో మార్కింగ్ బ్లూ అనే నీలి రంగును పలచగా పూసి, షెల్స్‌తో రాడ్‌ను బిగించి, ముందుకూ వెనక్కూ జరుపుతూ చేత్తో తిప్పి విప్పి చూడాలి. షెల్ అంచుకు నీలం అంటితే వంపును సరిచేయించాలి లేదా అంచు దగ్గర ఇరుకైన షెల్స్ వాడాలి.

రాడ్ కన్నం, షెల్ బిగువు

షెల్ రాడ్‌లో కదలకుండా నిలబడేది దాని చెవి వల్ల కాదు. ఆ చెవి అమర్చేటప్పుడు స్థానం చూపడానికి మాత్రమే ఉంది. షెల్ సగాన్ని రాడ్‌లో కూర్చోబెట్టినప్పుడు దాని రెండు కొనలూ రాడ్ అతుకు మట్టం కన్నా వెంట్రుకవాసి పైకి నిలబడతాయి. క్యాప్ బిగించినప్పుడు ఆ కొనలు ఒకదానినొకటి నొక్కుకొని షెల్ వీపును కన్నం గోడకు గట్టిగా అదుముతాయి. షెల్ నిలకడగా ఉండడానికీ, బేరింగులో పుట్టిన వేడి రాడ్‌లోకి పోవడానికీ ఈ అదుమే ఆధారం. అందువల్ల పైకి నిలబడిన కొనలను ఆకురాయితో అరగదీయకూడదు. బాబిట్ రాడ్లలో వాడిన షిమ్‌లను షెల్స్ వేసిన రాడ్ల క్యాప్‌ల కింద పెట్టకూడదు. పెడితే అదుము పోయి షెల్ తిరిగిపోతుంది. మెయిన్ బేరింగులు బాబిట్‌వే కాబట్టి వాటి షిమ్‌లు మాత్రం యథాతథంగా ఉంటాయి. రెండింటినీ ఒకే డబ్బాలో వేసి కలిపివేయకుండా జాగ్రత్త పడాలి.

షెల్స్ లేకుండా క్యాప్ బిగించి రాడ్ కన్నాన్ని కూడా కొలవాలి. రాడ్లు కొత్తవైనా సరే ఈ కొలత మానకూడదు. ఎక్కడ కొలిచినా అర థౌకు మించి తేడా ఉండకూడదు. ఆ తర్వాత రాడ్ వంగిందా, మెలి తిరిగిందా అన్నది అలైన్‌మెంట్ ఫిక్చర్ మీద చూపించాలి. నాలుగు రాడ్ల బరువులనూ, వాటి పెద్ద కొనల బరువులనూ విడివిడిగా తూచి కొద్ది గ్రాముల తేడాలోకి తీసుకురావాలి. అసలు రాడ్లు, కొత్త రాడ్లు కలిపి ఒకే ఇంజన్‌లో వాడకూడదు.

నూనె రంధ్రం, డిప్పర్

ఈ మార్పు విఫలమైన ఇంజన్లలో నేను మొదట వెతికేది ఈ భాగాన్నే. క్యాప్‌లోని డిప్పర్ రంధ్రానికి ఎదురుగా కింది షెల్‌లో కూడా రంధ్రం ఉండాలి. అసలు రాడ్లను తొలిచి వాడేటప్పుడు షెల్‌ను క్యాప్‌లో కూర్చోబెట్టి, క్యాప్ రంధ్రం గుండానే షెల్‌కు డ్రిల్ వేసి, లోపలి అంచున లేచిన బర్రును స్క్రేపర్‌తో మృదువుగా తీసివేయాలి. కొత్త రాడ్లతో రంధ్రాలు చేసిన షెల్స్ వచ్చినా, రెండు రంధ్రాలూ ఎదురెదురుగా ఉన్నాయో లేదో సన్నని తీగ దూర్చి చూడాలి. పేలుడు దెబ్బ పడేది పై షెల్ మీద కాబట్టి కింది షెల్‌లో రంధ్రం ఉండడం వల్ల బలానికి లోటు రాదు, కానీ పై షెల్‌లో గాళ్ళు కోయడం మాత్రం తగదు. ఎప్పుడైనా తర్వాత షెల్స్ మార్చవలసి వస్తే కొత్త వాటికి కూడా ఇలాగే రంధ్రం వేయాలి కాబట్టి ఈ విషయాన్ని కారు లాగ్‌బుక్కులో రాసి ఉంచడం మంచిది.

డిప్పర్ నోరు, వాల్వులను తెరిచే క్యాంషాఫ్ట్ ఉన్న వైపు తిరిగి ఉండాలి. ముందు నుంచి చూస్తే క్రాంక్ గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది, కనుక పిన్ను అడుగుకు వచ్చినప్పుడు ఆ వైపుకే కదులుతుంది. నోరు అటు తిరిగి ఉంటేనే నూనె లోపలికి తోసుకొస్తుంది. తిరగేసి బిగిస్తే బేరింగ్ ఎండిపోతుంది. డిప్పర్ లోతును కూడా చూడాలి. ట్రే గుంటలో మెత్తటి బంకమన్ను పెట్టి, క్రాంక్‌ను ఒక చుట్టు తిప్పి, మన్ను మీద పడిన గీతను బట్టి డిప్పర్ నూనెలో మునుగుతోందని, ట్రే అడుగును మాత్రం తాకడం లేదని నిర్ధారించుకున్న తర్వాత మన్నును పూర్తిగా తుడిచివేయాలి.

క్రాంక్‌కు నూనె దారులు తొలిచి బిగ్ ఎండ్‌కు ఒత్తిడితో నూనె అందించే పద్ధతి కూడా ఉంది. అది పంపు, మెయిన్ బేరింగులు, నూనె దారులు అన్నిటినీ మార్చే పెద్ద పని. గంటకు 45, 50 మైళ్ళ వేగంతో సాగే కారుకు డిప్పర్ ఏర్పాటే చాలునని నా అభిప్రాయం.

బిగింపు

క్రాంక్‌నూ రాడ్లనూ కిరోసిన్‌తో, ఆ తర్వాత సబ్బు కలిపిన వేడి నీళ్ళతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, వెంటనే పలచగా నూనె పూయాలి. షెల్ వీపు, రాడ్ కన్నం పూర్తిగా పొడిగా ఉండాలి, నూనె షెల్ లోపలి ముఖానికి మాత్రమే రాయాలి. తుది బిగింపుకు ముందు నూనె రాయకుండా ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందును చూపే మెత్తని ప్లాస్టిక్ తీగ) ముక్కతో సందును మరోసారి చూసుకోవాలి. ఒకటి నుంచి మూడు థౌ వరకు చూపే ఆకుపచ్చ రకం దీనికి సరిపోతుంది. ఆ పరీక్షలో క్రాంక్‌ను తిప్పకూడదు.

అసలు రకం బోల్టులు, కాజిల్ నట్లు (స్ప్లిట్ పిన్ను కోసం గాళ్ళున్న నట్లు) ఉంటే 35 పౌండ్ అడుగుల టార్క్, అంటే సుమారు 47 న్యూటన్ మీటర్లు ఇవ్వాలి. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును కొంచెం ముందుకే బిగించాలి, వెనక్కి తిప్పకూడదు. కొత్త ఫోర్జింగ్ రాడ్ల బోల్టులకు వాటి తయారీదారు ఇచ్చిన టార్క్‌నే పాటించాలి. ఒక్కొక్క రాడ్‌ను బిగించిన వెంటనే క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఏ రాడ్ బిగించాక బిగుసుకుపోయిందో అక్కడే ఆగి విప్పాలి. నాలుగూ అయ్యాక వెతుకుదామంటే దోషం ఏ రాడ్‌లో ఉందో తేలదు. రాడ్‌కూ క్రాంక్ గోడకూ మధ్య పక్క సందు 8 నుంచి 12 థౌ ఉండాలి.

ట్రే గుంటలను చేత్తోనే నూనెతో నింపి చాంబర్ ఎక్కించాలి. డిస్ట్రిబ్యూటరు బిగించక ముందు దాని రంధ్రం గుండా ఒక లీటరు నూనె పోస్తే పంపు తడిసి, ఇంజన్ లేవగానే నూనె ఎత్తడం మొదలుపెడుతుంది. మొత్తం నూనె 5 అమెరికన్ క్వార్టులు, అంటే సుమారు 4.7 లీటర్లు.

మొదటి పరుగు, ఆ తర్వాత

మొదటిసారి ఇంజన్‌ను మరీ నెమ్మదైన ఐడిల్‌లో వదలకుండా కాస్త చురుకుగా ఇరవై నిమిషాలు తిప్పితే డిప్పర్లు నూనెను బాగా చిమ్ముతాయి. తర్వాత 500 మైళ్ళ వరకు గంటకు 35 మైళ్ళు దాటకుండా నడపాలి. స్టీరింగ్ దగ్గర ఉన్న, స్పార్క్ పడే సమయాన్ని ముందుకూ వెనక్కూ మార్చే స్పార్క్ లీవరును చాలామంది పట్టించుకోరు కానీ, బిగ్ ఎండ్ ఆయుష్షు దాని మీద ఎంతగానో ఆధారపడుతుంది. తక్కువ వేగంలో టాప్ గేరుతో ఎత్తు ఎక్కుతూ స్పార్క్‌ను పూర్తిగా ముందుకు పెడితే ప్రతి పేలుడూ పై షెల్ మీద సుత్తి దెబ్బగా పడుతుంది. అలాంటి చోట లీవరును కొంచెం వెనక్కి తీసి, గేరు తగ్గించాలి.

ఈ ఇంజన్‌కు కంపెనీ నుంచి నూనె ఫిల్టరూ లేదు, గాలి ఫిల్టరూ లేదు. మన రోడ్ల దుమ్మును బాబిట్ ఓర్చుకున్నంతగా షెల్స్ ఓర్చుకోవు కాబట్టి కార్బ్యురేటరుకు గాలి ఫిల్టరు బిగించడం ఈ మార్పులో భాగంగానే చూడాలి. నూనెను ఫోర్డ్ చెప్పినట్లు ప్రతి 500 మైళ్ళకు, కొత్త షెల్స్ వేసిన మొదటిసారి అంతకన్నా ముందే మార్చాలి.

మొదటి 500 మైళ్ళు పూర్తయ్యాక చాంబర్ దింపి ఏదో ఒక రాడ్ క్యాప్‌ను విప్పి చూడడం అవసరం. షెల్ ముఖం అంతా ఒకే రకమైన మసక బూడిద రంగులో ఉంటే ఏమీ చేయనక్కరలేదు, అదే షెల్‌ను శుభ్రంగా తిరిగి బిగించవచ్చు. ఒక అంచు మాత్రమే మెరుస్తుంటే రాడ్ వంగి ఉండాలి లేదా షెల్ మూల వంపు మీదికి ఎక్కి ఉండాలి. నిలువు గీతలు కనిపిస్తే నూనెలో మురికి ఉంది. మూడు పొరల షెల్‌లో పై పొర పోయి రాగి రంగు బయటపడితే, నాలుగు రాడ్లనూ విప్పి, డిప్పర్ రంధ్రాలనూ సందులనూ మళ్ళీ కొలిచి, కారణం దొరికిన తర్వాతే కొత్త షెల్స్ వేయాలి.